ఆటలమీది వయస్సు గుర్తులు



సెల్‌ఫోనులో పిల్లలాడుకొను ఆటల ప్రక్కన 3, 7, 12, 16, 18 అని యొక యంకెయు, దాని వెంట కూడిక గుర్తును ఉండుట మీలో కొందఱు చూచియే యుందురు. అన్ని యేండ్లు నిండినవారికి ఈ యాట తగియున్నదని దాని భావము. ఈ వయస్సు గుర్తులు తల్లిదండ్రులకు అక్కఱకు వచ్చుచున్నవా యను విషయమును గూర్చి మాటలాడుమని నన్ను కోరినారు. విషయమును నేను కొంచెము మార్చుకొంటిని. మా పెద్దముడియము చుట్టుపట్ల కుందేటి ప్రక్క పల్లెలలో అనేకుల యిండ్లలో పిల్లవాని తల్లిదండ్రులు కువైటులోనో బెంగుళూరులోనో యుందురు. పిల్లవాడును, సెల్‌ఫోనును మాత్రము మనయొద్ద నుండును. కావున ఈ గుర్తులు తాతలకును అవ్వలకును ఎంతవఱకు పనికివచ్చునని విచారింపదలచితిని. వినువారిలో ఎక్కువమంది నా యీడువారే యని నమ్ముచున్నాను.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, పిమ్మట నాలుగెకరముల శనగచేను చూచుకొనుచున్నవాడను. ఈ విషయమున నాకు కలిగిన కొద్దిపాటి తెలివి డబ్బు పోగొట్టుకొని సంపాదించినది. ఆ కథ ముందు చెప్పెదను గాని, అంతకంటె ముందు ఎద్దుల సంగతి చెప్పవలసియున్నది.

తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూడనివాడు మన సీమలో నుండడు. ఆ పోటీలలో ఎద్దుల నన్నిటిని ఒక్క బండకు కట్టరు. పాలపండ్ల కోడెలకు ఒక బండ, రెండు పండ్లవానికి ఒకటి, నాలుగు పండ్లవానికి ఒకటి, ఆఱు పండ్లవానికి ఒకటి, పండ్లన్నియు వచ్చిన పెద్ద యెద్దులకు వేఱొకటి. పశువునకు రమారమి రెండేండ్లు దాటినపిదప ముందటి పాలపండ్లు రెండు ఊడి పెద్దపండ్లు రెండు వచ్చును. ఆ మీద ఏడాదికో అంతకంటె తక్కువకో మఱి రెండేసి వచ్చుచుండును. ఈ లెక్క మనకు క్రొత్త గాదు. అయితే నేను చెప్పదలచినది ఇది: పోటీనాడు ఎద్దు వయస్సెంత యని యజమాని నడిగి వ్రాసికొనరు. అనుభవము గల పెద్ద యొకడు వచ్చి, మూతి పట్టుకొని, పెదవి యెత్తి, పండ్లు తానే లెక్కపెట్టును. యజమాని ఎంత గౌరవస్థుడైనను సరియే. లేత కోడె మెడమీద మోయరాని బరువు పడినచో దాని జన్మమంతయు చెడునని ఎఱిగినవారు గనుక ఈ కట్టుబాటు పెట్టుకొనిరి. ఇందు రెండు పనులున్నవి. ఏ బండ ఏ యీడుదానికి తగునని నిర్ణయించుట ఒకటి. వచ్చిన యెద్దు నోరు తెఱచి చూచుట మఱియొకటి.

ఆటల విషయమున మొదటి పనిని అమెరికావారు 1994లో చేసిరి. అంతకు ముందటి యేడాది డిసెంబరులో ఆ దేశపు సెనేటులో విచారణ జరిగెను. మోర్టల్ కోంబాట్ అను ఆటలో గెలిచినవాడు ఓడినవాని తలను వెన్నెముకతో కూడ పెఱికి చేతబట్టుకొని నిలుచును. అది చూచి తల్లులు బెదరిరి. జోసెఫ్ లీబర్మన్ మొదలగు సెనేటరులు ఆటల కంపెనీలవారిని పిలిపించి, మీరే యొక యేర్పాటు చేసికొనుడు, లేనియెడల మేము శాసనము చేసెదమని హెచ్చరించిరి. కంపెనీలవారు తమలో తాము ఒక బోర్డు పెట్టుకొని, పెట్టెమీద అక్షరముల గుర్తులు వేయసాగిరి. ఇది అందఱకు తగినది, ఇది పదుమూడేండ్లు నిండినవారికి, ఇది పదునేడేండ్లు నిండినవారికి అని. జపానువారు 2002లోను, ఐరోపాలో పెక్కు దేశములవారు కలసి 2003లోను ఇట్టివే యేర్పఱచుకొనిరి. మన సెల్‌ఫోనులలో కనబడు 3, 7, 12, 16, 18 అను అంకెలు ఈ ఐరోపావారి అంకెల ననుసరించినవే.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి యున్నది. ఆ బోర్డువారు ప్రతి ఆటను కూర్చుండి కడదాక ఆడి చూచువారు గారు. ఒక్కొక్క యాట ముగియుటకు పదులకొలది గంటలు పట్టును. కంపెనీవారే తమ యాటలో నేమేమి యున్నదో ప్రశ్నపత్రమునకు జవాబు వ్రాసి, ముఖ్యమైన ఘట్టములను చలనచిత్రముగా తీసి పంపగా, దానిని చూచి వారు గుర్తు నిర్ణయింతురు. 2005లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్ అను ఆట విషయమున దీని లోపము బయటపడెను. ఆ యాటలో మూసియుంచిన యొక అసభ్య దృశ్యమును బయటివారు తెఱచి చూపిరి. పదునేడేండ్లవారికని యున్న గుర్తును బోర్డువారు తీసివేసి, పదునెనిమిదేండ్లు దాటిన పెద్దలకు మాత్రమే యని మార్చవలసివచ్చెను. అయినను నేను ఆ బోర్డును తప్పుపట్టుట లేదు. అబద్ధము బయటపడినప్పుడు గుర్తు మార్చు ధైర్యమైన నుండెను గదా.

ఇక రెండవ పని. గుర్తు వేసినంతమాత్రమున పిల్లలు కొనకుందురా? ఆ దేశమున ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అను ప్రభుత్వ సంస్థవారు దీనిని పరీక్షించిరి. పదుమూడు మొదలు పదునాఱేండ్ల లోపలి పిల్లలను ఒంటరిగా అంగళ్లకు పంపి, పదునేడేండ్ల గుర్తు గల యాటలను అడుగుమనిరి. 2000లో ఇట్లు పోయిన పిల్లలలో నూటికి 85 గురు కొని తెచ్చిరి. 2013లో ప్రకటించిన లెక్కలో నూటికి 13 గురే తేగలిగిరి. గుర్తులు ఈ రెండు కాలములందును ఉన్నవే. మధ్య మాఱినది అంగడివాని నడవడి. నీ వయస్సెంత, నీ వెంట పెద్దలెవరని వాడు అడుగ నేర్చుకొనెను. పండ్లు చూచు పెద్ద అతడే యన్నమాట.

నా చిన్ననాడు జమ్మలమడుగులో టూరింగు టాకీసుకు పోయెడివారము. పెద్దలకు మాత్రమే అను ముద్రగల చిత్రము వచ్చినప్పుడు మేము నలుగురము మీసములు లేని మూతులతో వరుసలో నిలిచితిమి. తలుపుకడ నున్నవాడు మాలో నొకని చెవి పట్టుకొని, “మీ నాయనతో చెప్పమంటావా?” అనెను. అంతటితో మా ఉత్సాహము చల్లారినది. అతడు సెన్సారు శాసనమును చదివినవాడు గాడు. మా తండ్రుల పేర్లెఱిగినవాడు. మన దేశమున సినిమాలకు 1952 నాటి శాసనమునుబట్టి ఈ ముద్రలు వేయుచుండిరి. 1983లో తల్లిదండ్రుల తోడుతో చూడదగినవని మధ్యరకము నొకదానిని చేర్చిరి. 2023లో శాసనము సవరించి ఆ మధ్యరకమును 7, 13, 16 ఏండ్ల తరగతులుగా విడదీసిరి. సినిమాను సంఘమువారు కూర్చుండి చూచిన తరువాతనే ముద్ర పడును. ఆటలకు మాత్రము అట్లు ముందుగా ఆడి చూచి ముద్ర వేయు సంఘము మన దేశమున లేదు. 2013లో అనేక దేశముల బోర్డులవారు కలసి యొక యుమ్మడి పద్ధతి పెట్టుకొనిరి. ఆటను తయారుచేసినవాడు ప్రశ్నలకు జవాబులు నింపగానే అంకె దానంతటదియే వచ్చును. అనుమానము కలిగినపుడు తరువాత పరీక్షింతురు. దినమునకు ఎన్నో క్రొత్త యాటలు పుట్టుచున్న కాలమున ఇంతకంటె వేఱు దారి లేదు కాబోలు. మన ఫోనులో కనబడు అంకె అట్లు వచ్చినదే.

తలుపుకడ నిలుచువాడు మాత్రము ఈ యేర్పాటులో లేడు. ఫోనే అంగడి, ఫోనే టాకీసు. అది పిల్లవాని చేతిలోనే యున్నది.

ఇక నా కథ. మా కుమారుడును కోడలును కువైటులో పనిచేయుచున్నారు. మనుమడు మాయొద్ద నుండి ఆఱవ తరగతి చదువుచున్నాడు. వానికి పదునొకండేండ్లు. రాత్రి తొమ్మిదింటికి వాని తల్లి ఫోనులో కనబడి మాటలాడును. అందుకొఱకే కుమారుడు మంచి ఫోనొకటి కొని పంపెను. నాకు కంటిలో పొర వచ్చినప్పుడు చిన్న యక్షరములు కనబడక, విత్తనముల యంగడిలోను, మందులషాపులోను డబ్బు చెల్లింపవలసినపుడు ఫోను మనుమనిచేతి కిచ్చి, నాలుగంకెల రహస్య సంఖ్యను వాని చెవిలో చెప్పెడివాడను. వాడు టకటక నొక్కి, “అయిపోయిందబ్బా” అనువాడు. నాకు వాని చురుకుదనము చూచి గర్వముగా నుండెడిది. అంగడిలో పదిమందియెదుట చెప్పుకొంటిని కూడ.

రబీ పనులకు డబ్బు తీయుటకు బ్యాంకుకు పోగా, పాసుబుక్కులో నేననుకొన్నదానికంటె 8,640 రూపాయలు తక్కువగా నుండెను. రమారమి క్వింటాలున్నర శనగల వెల. నెలన్నరలో నలువదికి పైగా చిన్న చిన్న మొత్తములు పోయినవి. 29, 79, 159, ఒకటి రెండు మార్లు 799. బ్యాంకులోని అమ్మాయి చూచి, “ఇవి ఆటలకు కట్టిన డబ్బులు పెద్దాయనా, ఇంట్లో పిల్లలున్నారా?” అని మెల్లగా నడిగెను. ఆ మెల్లదనమే నాకు ఎక్కువ కష్టము కలిగించెను.

ఇంటికి వచ్చి అడిగితిని. వాడు మొదట లేదనెను. తరువాత ఏడ్చెను. డబ్బు పోయినట్లు వచ్చిన సమాచారముల నన్నిటిని తానే చెఱిపివేసితినని ఒప్పుకొనెను. నేను చేయి యెత్తితిని. వాడు వెనుకకు జరిగి, “నంబరు నువ్వే గదబ్బా చెప్పింది” అనెను. ఎత్తిన చేయి దించితిని. ఆ రాత్రి వాడు తినలేదు, నేనును తినలేదు. వాని జేజి ఫోనును రోటిలో వేసి దంచెదనని లేచినది. తొమ్మిదింటికి దానిలోనే తల్లి ముఖము కనబడవలసియున్నదని జ్ఞాపకము వచ్చి మానినది. ఈ చిక్కు మీలో ననేకులకు ఉన్నదే. పట్టణమువారు ఫోను పిల్లలకీయవద్దని సులభముగా వ్రాయుదురు. మనకు ఆ ఫోనే పిల్లవానికి తల్లి యొడి.

మూడుదినములు కోడలికి చెప్పలేదు. నాలుగవనాడు చెప్పితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. పిదప, “దానిమీద ఏడు అని ఉంది మామా. నన్నడిగే పెట్టుకున్నాడు. ఏడు అని చూసే సరే అన్నాను” అనెను.

పెద్దలారా, నేను ఈ ప్రసంగము చేయుటకు కారణమైన మాట అది. ఆ తల్లి తన కర్తవ్యము నెఱవేర్చినది. సముద్రమున కావల నుండి, కొడుకు ఆట పేరు చెప్పగా, వెదకి, గుర్తు చదివి, పదునొకండేండ్లవానికి ఏడేండ్ల ఆట యేమి చెఱుపు చేయునని అనుమతించినది. గుర్తును అబద్ధమాడలేదు. నేనును కన్నులకు వైద్యము చేయించుకొన్న తరువాత ఆ యాటను చూచితిని. అందు రక్తము లేదు, బూతు మాట లేదు. రంగురంగుల బొమ్మలు గెంతుచు రత్నములేరుకొనును, అంతియే. ఏడేండ్ల పిల్ల చూచినను బెదరదు. గుర్తు నిజము, తల్లి జాగ్రత్త నిజము, పోయిన డబ్బును నిజము.

ఇది యెట్లు సంభవించెనని విచారించితిని. ఆ అంకెను ప్రధానముగా నిర్ణయించునవి కొట్లాట, భయము, అసభ్యత, బూతులు, మత్తుపదార్థములు, జూదము అనునవి. కంటికిని చెవికిని తగులు చెడుగును అది కొలుచును. మా మనుమడు పడిన గోయి వేఱు. ఆ యాటలో మూసిన పెట్టె యొకటి వచ్చును. 79 రూపాయలిచ్చిన తెఱచుకొనును. లోపల నేమున్నదో తెఱచువఱకు తెలియదు. బంగారు కిరీటము గల బొమ్మ యుండవచ్చును, పనికిరాని చొక్కా యుండవచ్చును. లేకున్న మఱియొక పెట్టె. మన తాలూకాలలో మట్కా చీటీ యెట్టిదో యెఱుగనివారు లేరు. చీటీ కట్టినవాని ముఖముమీద నుండు ఆశయే నేను మనుమని ముఖముమీద చూచితిని. 2018లో బెల్జియము దేశపు జూదవిచారణాధికారులు, డబ్బు పుచ్చుకొని తెఱపించు ఇట్టి పెట్టెలు తమ చట్టమునుబట్టి జూదమే యని తేల్చిరి. ఆ యేడే అమెరికా, ఐరోపా బోర్డులవారు, ఆటలోపల కొనుగోళ్లున్నవని తెలుపు గుర్తును పెట్టెలమీద వేఱుగా వేయసాగిరి. మన ఫోనులోను ఆ మాట యున్నది. ఆట పేరు క్రింద సన్నని యక్షరములతో, లోపల కొనుగోళ్లు కలవని, ప్రకటనలు కలవని వ్రాసి యుందురు. అంకె పెద్దది, ఈ మాట చిన్నది. నన్నడిగిన, మన యిండ్లకు ఆ చిన్న మాటయే ముఖ్యము.

ఇది మన పల్లెవారి తెలివితక్కువ మాత్రమేయని సిగ్గుపడనక్కఱలేదు. అమెరికాలో ఎందఱో తల్లిదండ్రులు ఇట్లే నష్టపడిరి. ఒకమాఱు రహస్యపదము కొట్టినపిదప పదునైదు నిమిషములో, అరగంటయో మఱల అడుగకుండ ఫోను డబ్బు తీసికొనుచుండెను. ఆ సందున పిల్లలు కొనుచుండిరి. పైని జెప్పిన కమిషన్‌వారు పట్టుకొనగా, 2014లో ఆపిల్ కంపెనీవారు 3 కోట్ల 25 లక్షల డాలర్లకు తక్కువ గాకుండను, గూగుల్ కంపెనీవారు 1 కోటి 90 లక్షల డాలర్లకు తక్కువ గాకుండను తల్లిదండ్రులకు తిరిగి యిచ్చుటకు ఒప్పుకొనిరి. నా విషయమున తిరిగి యిమ్మని అడుగుటకు మొగము చెల్లలేదు. రహస్యము చెప్పినవాడను నేనే.

శాసనములు మనకును లేకపోలేదు. పందెము కట్టి ఫోనులో నాడు ఆటలను తెలంగాణమువారు 2017లోను, మన ఆంధ్రప్రదేశమువారు 2020లోను నిషేధించిరి. 2025 ఆగష్టులో పార్లమెంటువారు దేశమంతటికి డబ్బు పందెపు ఆటలను నిషేధించుచు శాసనము చేసిరి. మంచిదే. రమ్మీ యాడి బావి మోటారు అమ్ముకొన్నవానిని నేనెఱుగుదును, వానికి నలువదియేండ్లు. అట్టివానికి ఏ వయస్సు గుర్తు అడ్డుపడును? మఱియు, చెట్టుక్రింద మనము పేక పంచుకొనుచు, ఇంట పిల్లవానిని ఆటలు మానుమనుట ఎంతవఱకు చెల్లునో ఆలోచింపుడు. ఏమైనను ఆ శాసనము మా మనుమని యాటను తాకినట్లు నాకు తోచలేదు. అందు గెలిచినను డబ్బు రాదు, పోవుట మాత్రమే కలదు. కనుక అది పందెము గాదు!

కాలము సంగతియు అంకెలో లేదు. మూడేండ్ల గుర్తుగల యాటను మూడుగంటలాడినను, అర్ధరాత్రివఱకు ఆడినను, గుర్తు మాఱదు. ఆటను మానలేని స్థితి యొక రోగమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో అంగీకరించి, 2022 మొదలు రోగముల పట్టికలో చేర్చిరి. అయితే వారును తొందరపడి ఆ పేరు పెట్టవద్దనియే చెప్పుదురు. సామాన్యముగా ఏడాదిపాటు చదువు, తిండి, స్నేహము అన్నియు చెడినప్పుడే అట్లనవలెను. పండుగసెలవులలో రెండుదినము లాడిన పిల్లవానిని రోగియనుట తగదు. కొరియాదేశమువారు 2011లో పదునాఱేండ్లలోపువారు అర్ధరాత్రి మొదలు తెల్లవాఱుజాము ఆఱు గంటలవఱకు ఆడరాదని శాసించి, పదేండ్ల పిమ్మట ఎత్తివేసిరి. చైనావారు 2021లో పిల్లలకు శుక్ర, శని, ఆదివారములందును సెలవులందును రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిదివఱకు మాత్రమే యని కట్టడి చేసిరి. పిల్లలు తాతల పేరను, అవ్వల పేరను ఆటలోనికి పోవుచున్నారని అచ్చట వార్తలు వచ్చెను. చదివి నవ్వుకొంటిని. కుందేటి యొడ్డునను అదియే, చైనాలోను అదియే. మన దేశమున నొక ప్రసిద్ధమైన తుపాకుల యాటలో, పదునెనిమిదేండ్లలోపువారు పెద్దల ఫోను నంబరిచ్చి అనుమతి పొందవలెనని నియమము పెట్టిరి. పెద్దల ఫోను ఎవరి చేతిలో నున్నది?

అట్లయిన గుర్తులు వ్యర్థమా యందురేమో. నేనట్లనను. పదునెనిమిది అని యున్న యాటను ఆఱవ తరగతివాని చేతిలో చూచినయెడల, మఱేమియు విచారింపక తీసివేయవచ్చును. అంతమాత్రము చదువుకొన్న పెద్దకైనను అది సాధ్యము. నా మట్టుకు నాకు 16, 18 అంకెలు మిక్కిలి పనికివచ్చినవి. 3, 7 అను అంకెలే నన్ను నిద్రపుచ్చినవి. పెద్ద అంకె వద్దని చెప్పునప్పుడు నమ్మదగియున్నది. చిన్న అంకె సరే యని చెప్పునప్పుడు మాత్రము, అది ఏ విషయమున సరే యనుచున్నదో అడిగి తెలిసికొనవలెను.

రక్తమును గూర్చియు నాకొక సందేహము కలదు. అమెరికా సుప్రీముకోర్టువారు 2011లో, కొట్లాట ఆటలను పిల్లలకు అమ్మరాదను కాలిఫోర్నియా శాసనమును కొట్టివేయుచు, పిల్లలకు చెప్పు ప్రాచీన కథలలో మాత్రము క్రౌర్యము లేదాయని ప్రశ్నించిరి. మంత్రగత్తెను పొయ్యిలో త్రోసి కాల్చు కథ వారి పిల్లల కథలలో నున్నదట. ఆ తీర్పు మంచిదో కాదో పండితులు చెప్పవలెను గాని, మాట ఆలోచింపదగినది. మనము మూడేండ్ల పిల్లవానిని ఒడిలో గూర్చుండబెట్టుకొని, నరసింహస్వామి గడపమీద హిరణ్యకశిపుని గోళ్లతో చీల్చిన కథ చెప్పుదుము. పిల్లవాడు బెదరినచో మన కండువాలో ముఖము దాచుకొనును. మనము అచ్చట ఆపుదుము. ఆ చోట ఆపుటకు మనమున్నాము. ఫోనులోని ఆట పిల్లవాని ముఖము చూడదు.

ఇప్పుడు మా యింట జరుగుచున్నదేమో చెప్పి ముగించెదను. రహస్య సంఖ్యను మార్చుకొంటిని. అది నాకు తప్ప మఱియెవరికిని తెలియదు. కంటి వైద్యము చేయించుకొంటిని. ఫోనులో ఆటలు దించుకొను అంగడి, అనగా ప్లే స్టోరులో, కుటుంబమను శీర్షికక్రింద పెద్దల కట్టడి యను నొక యమరిక యున్నది. దానికి వేఱొక రహస్య సంఖ్య పెట్టి 12 అని నిర్ణయించిన, అంతకు పైబడిన యాటలను అది దించనీయదు. మా ప్రక్కయింటి కళాశాల విద్యార్థి అయిదునిమిషములలో చేసి చూపెను. ముందే దించుకొన్నవానిని అది తొలగింపదు, ఒకరి ఫోనునుండి మఱియొకరు తెచ్చుకొన్నవానిని ఆపదు. అవి మనము వెదకి తీసివేయవలెను. ప్రతి కొనుగోలునకును అడుగవలెనను నియమమును గూడ పెట్టించితిని. కోడలును నేనును పనులు పంచుకొంటిమి. అంకె ఆమె చదువును. క్రింది సన్నని యక్షరములు నేను చదువుదును. ఆ మీద క్రొత్త యాటను మొదటి దినము నా ప్రక్కన కూర్చుండి ఆడవలెను. నేనును ఆడుచున్నాను. మోటారుబండి తోలు ఆటలో మూడుమాఱులు గోడకు కొట్టితిని. వాని జేజి ఈ వయస్సున నాకు పట్టిన పిచ్చిని గూర్చి ఊరంతయు చెప్పుచున్నది.

పోయిన వారము ఒక యాటను తెచ్చి చూపెను. దానిమీద 12 అని యున్నది. నీకు పదునొకండే గదా యంటిని. ఇంక నాలుగు నెలలే యని వాడు. నాలుగు నెలలైనను తక్కువ తక్కువే యని నేను. బండలాగుడు చూచుటకు ఉగాదికి నా వెంట వచ్చినవాడు గనుక, వాడు ఫోను ప్రక్కన బెట్టి, నాయెదుట మోకాళ్లమీద కూర్చుండి, “అట్లయితే నా పండ్లు చూడబ్బా” అని నోరు తెఱచెను. అద్దములు పెట్టుకొని చూచితిని. కుడిప్రక్క వెనుక పాలపన్ను ఒకటి ఇంకను కదలుచున్నది. అది ఊడిన దినమున ఆ యాటను మఱల తెమ్మని చెప్పితిని.